‘మీకు’కీ ‘మీకే’కీ మధ్య

*డీలర్‌షిప్ పత్రంలో, జాబ్ వర్క్ ఆర్డరులో, బిల్లు అడుగున ఒక్క మాట ఉంటుంది. అది ఎవరి చేతులు కడుతుందో, ఎంతకాలం కడుతుందో తెలియకుండానే సంతకాలు పడుతుంటాయి. తుడియలూరు వర్క్‌షాపు నుంచి సుప్రీంకోర్టు దాకా ఆ మాట నడిచిన దారి ఇది.*

బిల్లు పుస్తకంలో ముఖ్యమైన మాటలు తరచు అట్టడుగున, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంటాయి. కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్ళే రోడ్డులో, తుడియలూరు చుట్టుపక్కల సందుల్లో ఉండే చిన్న పంపుల వర్క్‌షాపుల్లో అలాంటి బిల్లులు రోజూ చిరుగుతూనే ఉంటాయి. ఒక మూల లేతు తిరుగుతుంటుంది. కింద ఇనుప రజను, గాలిలో కటింగ్ ఆయిల్ వాసన. గోడవారగా రెడ్ ఆక్సైడ్ పూసిన కేసింగులు ఆరుతుంటాయి. బల్ల మీద బిల్లు. దాని అడుగున ఒక వాక్యం: ‘కోయంబత్తూరు న్యాయస్థానాల పరిధికి లోబడి.’

అదే బల్ల సొరుగులో స్టాంప్ పేపరు మీద టైపు చేయించిన డీలర్‌షిప్ అగ్రిమెంటు ఉంటుంది. అందులో ‘ఎక్స్‌క్లూజివ్’ అన్న మాట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాగితం మీద ఇంగ్లిషు నడిచే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. పాత రోజుల్లో ఇదే ఒప్పందం ‘మా సరుకు మీకే అన్నా’ అన్న ఒక్క మాటతో ముగిసేది. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు. కాగితం మీదికి వచ్చాక దాని అర్థం కోర్టు చెప్పాల్సి వస్తోంది.

ఈ మాట ఇప్పుడు వర్క్‌షాపులు దాటి వీధిలోకి వచ్చింది. ఫలానా ఫోను ఫలానా వెబ్‌సైటులోనే దొరుకుతుందన్న ప్రకటనలు, ఫలానా యాప్‌తోనే హోటలు ఒప్పందం అన్న వార్తలు అందరూ వింటున్నవే. వాటన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే. ‘మీకే’ అన్నప్పుడు మూసుకుపోయే తలుపులు ఏవి?

‘ఏ’ ఎక్కడ పడింది?

ఇంగ్లిషు పత్రంలో ఓన్లీ, సోల్, ఎక్స్‌క్లూజివ్ అన్న మాటలు చేసే పనిని తెలుగులో చివర పలికే ఒక్క ‘ఏ’ చేస్తుంది. తమిళంలోనూ ఇదే ‘ఏ’ ఉంది. అది వాక్యంలో ఎక్కడ పడితే అక్కడ ఒక తలుపు మూసుకుంటుంది.

‘మా పంపులు మీకు ఇస్తాం’ అంటే ఎవరికీ కట్టుబాటు లేదు. పక్క వీధి కొట్టుకూ ఇవ్వవచ్చు. ‘మా పంపులు మీకే ఇస్తాం’ అంటే తయారీదారు చేతులు కట్టుకున్నాడు. డీలరు మాత్రం వేరే కంపెనీ పంపులు కూడా పక్కన పెట్టి అమ్ముకోవచ్చు. ‘మీరు మా పంపులే అమ్మాలి’ అంటే కట్టుబడింది డీలరు. ‘మా పంపులు మీ తాలూకాలోనే అమ్మాలి’ అంటే సరుకు ఊరి పొలిమేర దాటకూడదు.

వీటిలో చివరి మూడు వాక్యాలనూ ఇంగ్లిషు పత్రం ఒక్కోసారి ‘ఎక్స్‌క్లూజివ్ డీలరు’ అన్న రెండు మాటల్లోకి కుదించేస్తుంది. తగవు అక్కడే మొదలవుతుంది. కంపెనీ వేరొకరికి సరుకు ఇవ్వదని డీలరు అనుకుంటాడు. డీలరు వేరొకరి సరుకు అమ్మడని కంపెనీ అనుకుంటుంది. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు గాని, ఇద్దరి మనసులోని ‘ఏ’లూ వేరు.

> మూడు మాటలు, మూడు అర్థాలు
>
> ఎక్స్‌క్లూజివ్: హక్కు పొందినవాడికే. ఇచ్చినవాడు కూడా ఆ గడువులో ఆ పని చేయకూడదు. కాపీరైటు చట్టం (1957) ఎక్స్‌క్లూజివ్ లైసెన్సుకు ఇచ్చిన నిర్వచనంలో హక్కు యజమానిని కూడా బయట ఉంచింది.
>
> సోల్: వ్యాపార వాడుకలో, హక్కు పొందినవాడు ఒక్కడే ఏజెంటు. యజమాని మాత్రం తన పని తాను చేసుకోవచ్చు.
>
> నాన్-ఎక్స్‌క్లూజివ్: హక్కు ఎంతమందికైనా ఇవ్వవచ్చు.
>
> అనుమానానికి తావు లేకుండా ఉండాలంటే, ఈ మాటల పక్కనే ‘యజమాని నేరుగా అమ్మవచ్చు’ అనో ‘అమ్మరాదు’ అనో విడిగా రాయాలి.

తలుపు మూయమని ఎందుకు అడుగుతారు?

రెండు వైపులా న్యాయమైన కారణాలే ఉన్నాయి. కొత్త బ్రాండు పంపును ఒక జిల్లాలో నిలబెట్టాలంటే డీలరు డబ్బు పెట్టి స్టాకు దించాలి. మెకానిక్కును పెట్టుకోవాలి. రైతు బావి దగ్గరికి వెళ్ళి బిగించి, నీళ్ళు పడేదాకా ఉండి చూపించాలి. రెండేళ్ళు ఇంత కష్టపడి పేరు తెచ్చాక, అదే సరుకును కంపెనీ ఎదురు కొట్టుకు పది రూపాయలు తక్కువకు ఇస్తే అతని శ్రమ మట్టిపాలవుతుంది. అందుకే ‘మాకే ఇవ్వండి’ అంటాడు.

కంపెనీ భయం వేరు. తన డబ్బుతో చేయించిన ప్యాటర్న్‌ను ఫౌండ్రీ చేతికిస్తుంది. ఆ ప్యాటర్న్‌తో ఇసుకలో అచ్చు తీసి పోసిన ఇంపెల్లరు రేపు పోటీ కంపెనీ పంపులో తిరిగితే నష్టం తనది. అందుకే జాబ్ వర్క్ ఆర్డరులో ‘ఈ కాస్టింగులు మాకే’ అన్న షరతు పెడుతుంది. ఆ షరతు ఆ ప్యాటర్న్ వరకే ఉంటే అది కంపెనీ ఆస్తికి కాపలా. ‘మీ ఫౌండ్రీ మా పనే చేయాలి’ అన్నదాకా పోతే చిన్న ఫౌండ్రీ బతుకు ఒకే ఒక్క గిరాకీ దయ మీద నిలుస్తుంది. ఆర్డర్లు ఆగిన నెలలో కొలిమి చల్లారుతుంది, కూలీలు వేరే చోటు వెతుక్కుంటారు. రెంటికీ తేడా ‘ఏ’ ఏ మాట మీద పడిందన్నదే.

1872 నాటి ఒక్క వాక్యం

ఈ షరతులన్నీ చివరికి వెళ్ళి నిలబడేది 1872 నాటి భారత ఒప్పంద చట్టం, 27వ సెక్షను ముందు. న్యాయమైన వృత్తిని, వాణిజ్యాన్ని, వ్యాపారాన్ని చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని అది చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రం కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డ్ తయారుచేసిన ముసాయిదా స్మృతి నుంచి వచ్చిన వాక్యమిది. ఇంగ్లండు కోర్టులు అడ్డంకి సబబుగా ఉందా లేదా అని చూస్తాయి. మన సెక్షనులో ‘సబబు’ అన్న మాట ఆ సాధారణ నియమంలో లేదు.

ఆ తేడా రెండేళ్ళకే బయటపడింది. 1874లో కలకత్తా హైకోర్టు ముందుకు మాధవ్ చంద్ర, రాజ్‌కుమార్ దాస్‌ల కేసు వచ్చింది. ఇద్దరూ పోటీదారులు. ఒకరు ఆ పేటలో దుకాణం మూసేస్తే రెండోవారు డబ్బిస్తానని మాటిచ్చారు. మొదటివారు దుకాణం మూశారు, డబ్బు మాత్రం రాలేదు. దావా వేస్తే, అడ్డంకి ఒక్క పేటకే పరిమితమైనా అది వ్యాపారానికి అడ్డంకేనని, ఒప్పందం చెల్లదని కోర్టు తేల్చింది. మాట నమ్మి దుకాణం మూసినవారికి రెండూ పోయాయి.

సెక్షను ఒక మినహాయింపు ఇచ్చింది. వ్యాపారాన్ని దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మేసినవారు, సబబైన ప్రాంతీయ హద్దుల్లో, కొన్నవారు అదే వ్యాపారం నడుపుతున్నంత కాలం పోటీ పెట్టబోమని ఒప్పుకోవచ్చు.

ఒప్పందం నడుస్తున్నంత కాలం

అలాగైతే ‘మీకే’ అన్న ప్రతి మాటా చెల్లనట్టేనా? కాదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం ఒకరికే కట్టుబడి ఉండటం వ్యాపారాన్ని అడ్డుకోవడం కాదని, వ్యాపారాన్ని సాగించే పద్ధతేనని కోర్టులు చెబుతూ వచ్చాయి.

1967లో నిరంజన్ శంకర్ గోలికరీ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. టైరు కార్డు నూలు తయారీలో శిక్షణ పొంది, ఐదేళ్ళు సెంచరీ స్పిన్నింగ్ కంపెనీలోనే పనిచేస్తానని ఒప్పుకున్న ఉద్యోగి మధ్యలోనే మరో కంపెనీలో చేరారు. ఆ ఐదేళ్ళూ ముగిసేదాకా పోటీ సంస్థలో అదే పని చేయకూడదన్న నిషేధం చెల్లుతుందని కోర్టు చెప్పింది.

1995లో గుజరాత్ బాట్లింగ్ కేసులోనూ అదే సూత్రం. కోకాకోలా కంపెనీ పానీయాలు సీసాల్లో నింపే సంస్థ యాజమాన్యం పెప్సీ వైపు చేతులు మారింది. ఒప్పందం ఉన్నంత కాలం, నోటీసు గడువుతో సహా, పోటీ పానీయాలు నింపకూడదన్న షరతును సుప్రీంకోర్టు నిలబెట్టింది.

ఇలాంటి షరతును కోర్టు అమలు చేసే తీరుకు 1852 నాటి లండన్ కేసు మూలం. యోహానా వాగ్నర్ అనే గాయని ఒక థియేటరులోనే పాడతానని ఒప్పుకుని, ఎక్కువ సొమ్ము ఇస్తామన్న మరో థియేటరు వైపు మళ్ళారు. ‘ఇక్కడ పాడి తీరాలి’ అని కోర్టు ఆమెను ఆదేశించలేదు. ‘అక్కడ పాడవద్దు’ అని మాత్రం ఆపింది. బలవంతాన పాట పాడించడం ఏ కోర్టుకైనా సాధ్యం కాదు. మూసిన తలుపు తెరవకుండా చూడటమే దాని చేతిలో ఉన్నది.

గడువు తీరాక

గడువు తీరిన మరుక్షణం నుంచి లెక్క మారుతుంది. క్రికెటర్ జహీర్ ఖాన్‌తో ఒక మేనేజ్‌మెంటు సంస్థకు ఉన్న ఒప్పందం 2003లో ముగిసింది. ఆ తర్వాత కూడా ఎవరైనా కొత్త అవకాశం ఇస్తే ముందు తమకు చెప్పాలని, తాము అంతే సొమ్ము ఇస్తామంటే తమతోనే ఉండాలని అందులో షరతు ఉంది. 2006లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఒప్పందం ముగిశాక కూడా చేతులు కట్టే షరతు 27వ సెక్షను ముందు నిలవదు.

ఒక్క మాట అర్థమే తీర్పును తేల్చిన సందర్భం 1980 నాటిది. సూపరింటెండెన్స్ కంపెనీ నియామక పత్రంలో ఉద్యోగి కంపెనీని ‘వదిలి వెళితే’ రెండేళ్ళు ఆ ప్రాంతంలో పోటీ పని చేయకూడదని ఉంది. కంపెనీయే అతన్ని తీసేసింది. ‘వదిలి వెళ్ళడం’ అంటే తనంతట తాను వెళ్ళడమేనని, తీసేసినవారికి ఆ షరతు వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ షరతు అసలు చెల్లదని ధర్మాసనంలోని జస్టిస్ ఎ.పి. సేన్ విడిగా రాశారు.

కోయంబత్తూరు లాంటి ఊరికి ఈ గీత ప్రాణప్రదం. ఒక వర్క్‌షాపులో వైండింగ్ నేర్చుకుని, మరోచోట లేతు మీద చెయ్యి తిప్పుకుని, కొన్నేళ్ళకు అద్దె షెడ్డులో సొంత మిషను పెట్టుకోవడం ఇక్కడి పరిశ్రమ పెరిగిన దారుల్లో ఒకటి. ‘మానేశాక ఈ పనే చేయకూడదు’ అన్న షరతు చెల్లి ఉంటే, చేతిపని తప్ప వేరే ఆస్తి లేని మనిషికి ఆ షెడ్డు తలుపు తెరుచుకునేది కాదు. అయితే యజమాని డ్రాయింగులు, రహస్యాలు ఎత్తుకుపోవడానికి ఇది అనుమతి కాదు. నేర్చిన నేర్పు మనిషిది, ప్యాటర్న్ కంపెనీది.

> తుడియలూరు, పంపుల సీమ
>
> కోయంబత్తూరుకు ఉత్తరాన, మేట్టుపాళయం రోడ్డు మీద ఉన్న తుడియలూరు 2011లో నగర కార్పొరేషనులో కలిసింది. అదే రోడ్డున ముందుకు వెళితే వచ్చే నరసింహనాయక్కన్‌పాళయం, పెరియనాయక్కన్‌పాళయం అన్న పేర్లలో నాయకుల కాలం నిలిచి ఉంది. విజయనగర, మదురై నాయకుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు సేద్యం నుంచి మిల్లులకు, మిల్లుల నుంచి యంత్రాలకు నడిచాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్‌కు పునాది వేశారు. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు 1937లో దేశీయ ఎలక్ట్రిక్ మోటారును తయారుచేశారు. పెరియనాయక్కన్‌పాళయంలోని లక్ష్మీ మెషీన్ వర్క్స్ 1962లో స్విట్జర్లాండు కంపెనీ రీటర్ సాంకేతిక సహకారంతో మొదలైంది.

బిల్లు అడుగున దాగిన ‘మాత్రమే’

ఇప్పుడు ఆ బిల్లు అడుగు వాక్యం దగ్గరికి రావాలి. తగవు వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్ళాలన్నది కూడా ఒక ‘ఏ’ మీదే ఆధారపడి ఉంది. ప్రతివాది ఉన్న చోటో, వ్యాపారం చేసే చోటో, తగవుకు కారణం పుట్టిన చోటో దావా వేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. అలా రెండు మూడు ఊళ్ళకు అధికారం ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ పక్షాలకు ఉందని 1971లో హాకం సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ సంబంధమూ లేని ఊరి కోర్టుకు ఒప్పందంతో అధికారం కట్టబెట్టలేరు.

తమిళనాడులోనే ఉన్న సేలం నుంచి ఈ ప్రశ్నకు పెద్ద కేసు పుట్టింది. గుజరాత్‌లోని ఎ.బి.సి. లామినార్ట్ నుంచి సేలంలోని ఎ.పి. ఏజెన్సీస్ మెటాలిక్ నూలు కొనే ఒప్పందం అది. తగవులు ‘ఖేడా పరిధికి లోబడి’ ఉంటాయని 11వ షరతు. తగవు వచ్చి సేలం ఏజెన్సీ సేలంలోనే దావా వేసింది. అక్కడ చెల్లదు, ఖేడా వెళ్ళాలన్నది గుజరాత్ కంపెనీ వాదన. 1989లో సుప్రీంకోర్టు ఆ షరతును అక్షరం అక్షరం చూసింది. అందులో ‘మాత్రమే’, ‘ఒక్కటే’, ‘ఎక్స్‌క్లూజివ్’ లాంటి మాటలు లేవు. సేలం కోర్టు తలుపు మూసినట్టు స్పష్టంగా లేదు కాబట్టి దావా అక్కడ నడుస్తుందని తేల్చింది. సేలం వ్యాపారికి, వందల మైళ్ళు రైలెక్కి వాయిదాలకు తిరగాల్సిన కష్టం తప్పింది.

ఇరవై నాలుగేళ్ళకు గాలి మరోవైపు వీచింది. జైపూరులో ఇండియన్ ఆయిల్ కందెనల అమ్మకానికి ఏజెన్సీ తీసుకున్న స్వస్తిక్ గ్యాసెస్ ఒప్పందంలో ‘కోల్‌కతా కోర్టుల పరిధికి లోబడి’ అని ఉంది. ‘మాత్రమే’ లేదు. 2013 జులైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఒక ఊరి పేరు రాసుకున్నారంటేనే మిగతా ఊళ్ళను వదులుకున్నట్టని, ‘మాత్రమే’ లేకపోవడం నిర్ణాయకం కాదని చెప్పింది. పలకని ‘ఏ’ను కూడా కోర్టు విన్నది.

కాబట్టి నేడు ఒప్పంద పత్రంలో ‘చెన్నై పరిధికి లోబడి’ అని ఉంటే, అది ‘చెన్నైలోనే’ అన్నట్టు చదవడం క్షేమం. అయితే అమ్మినవారు తమ బిల్లు మీద తామే అచ్చువేసుకున్న వాక్యానికి కొన్నవారు కూడా ఒప్పుకున్నారా అన్నది విడి ప్రశ్న. రెండు పక్షాల అంగీకారం లేనిదే ఒప్పందం లేదు.

తలుపు మూయించినవారి బాధ్యత

‘మాకే’ అని అడిగి తీసుకున్నవారు ఊరికే కూర్చుంటే ఏమిటి దారి? 1917లో న్యూయార్క్ అప్పీలు కోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. టైటానిక్ ప్రమాదం నుంచి బయటపడిన లేడీ డఫ్ గోర్డన్ అప్పట్లో పేరుమోసిన దుస్తుల రూపకర్త. తన పేరుతో ఒప్పందాలు కుదిర్చే హక్కు ఓటిస్ వుడ్‌కు మాత్రమే ఇచ్చి, లాభంలో చెరిసగం అనుకున్నారు. వుడ్ ఫలానా పని చేస్తాడని పత్రంలో ఎక్కడా లేదు కాబట్టి ఒప్పందమే లేదని ఆమె వాదన. న్యాయమూర్తి కార్డోజో ఒప్పుకోలేదు. ఒకే ఒక్కరి చేతిలో అంతా పెట్టినప్పుడు, సబబైన ప్రయత్నం చేస్తానన్న మాట అందులో ఇమిడే ఉందన్నారు.

మన కాపీరైటు చట్టం ఈ బాధ్యతను నేరుగా రాసింది. హక్కులు రాయించుకున్నవారు ఏడాదిలోగా వాటిని వాడకపోతే, పత్రంలో వేరేగా లేనంతవరకు, ఆ హక్కు తిరిగి రచయితకు చేరుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని కూడా చట్టమే ఖాళీ నింపింది. పంపుల డీలర్‌షిప్‌కు అలా ఖాళీ నింపే చట్టం లేదు. అందుకే ‘ఏటా ఇన్ని పంపులు ఎత్తాలి, ఎత్తకపోతే మరో డీలరును పెట్టుకునే హక్కు కంపెనీకి ఉంటుంది’ అన్న వాక్యాన్ని పక్షాలే రాసుకోవాలి. జాబ్ వర్క్ ఫౌండ్రీ కూడా ‘మీ పనే చేయాలంటే నెలకు ఇన్ని టన్నుల ఆర్డరు గ్యారంటీ’ అని అడగడం న్యాయం.

బజారుకు చేటు జరిగితే

ఇద్దరి మధ్య చెల్లే షరతు కూడా మూడోవాడి కడుపు కొట్టవచ్చు. అది చూసేది 2002 నాటి కాంపిటిషన్ చట్టం. 3వ సెక్షను ఎక్స్‌క్లూజివ్ డీలింగ్, డిస్ట్రిబ్యూషన్ ఒప్పందాలను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. అవి పుట్టుకతోనే తప్పు కావు. బజారులో పోటీకి గణనీయమైన హాని చేస్తేనే, లేదా చేసే అవకాశం ఉంటేనే తప్పు. అంతకుముందు 1977లో టెల్కో లారీల కేసులో సుప్రీంకోర్టు, డీలర్లకు ప్రాంతాలు పంచడాన్ని సమర్థించింది. లారీలకు కొరత ఉన్న ఆ రోజుల్లో దేశమంతా సమంగా అందాలంటే ఆ హద్దులు అవసరమని భావించింది.

2014లో కాంపిటిషన్ కమిషన్ మరో వైపు చూసింది. విడిభాగాలు తమ డీలర్ల దగ్గరే దొరికేలా చేసిన 14 కార్ల కంపెనీలపై మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్ళు నడిచాయి. విడిభాగం దొరకని వీధి మెకానిక్కు, ఎక్కువ చెల్లించక తప్పని కారు యజమాని ఆ కేసులో అసలు మనుషులు. ఫోన్ల ప్రత్యేక అమ్మకాలు తదితర ఆరోపణల మీద 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై, 2022 ఏప్రిల్‌లో హోటళ్ళ సంఘం ఫిర్యాదుతో జొమాటో, స్విగ్గీలపై కమిషన్ విచారణకు ఆదేశించింది.

> సంతకానికి ముందు ఆరు ప్రశ్నలు
>
> 1. చేతులు ఎవరివి కట్టుబడుతున్నాయి: ఇచ్చేవారివా, పుచ్చుకునేవారివా, ఇద్దరివీనా?
> 2. ఏ సరుకుకు? పేరు, మోడలు, ప్యాటర్న్ నంబరు రాశారా?
> 3. ఏ ప్రాంతంలో? ఆన్‌లైను అమ్మకం అందులో చేరిందా?
> 4. ఎంతకాలం? నోటీసు గడువు ఎంత? ఆ గడువులోనూ కట్టుబాటు ఉంటుందా?
> 5. బదులుగా ఏం వస్తుంది? కనీస ఆర్డరు, కనీస కొనుగోలు ఉందా?
> 6. తగవు వస్తే ఏ ఊరి కోర్టు?

చదివి వినిపించుకోవాలి

ఈ ఆరింటికీ జవాబులు పత్రంలో దొరికితే ‘ఎక్స్‌క్లూజివ్’ అన్న మాట రాసినా రాయకపోయినా పెద్ద తేడా ఉండదు. జవాబులు లేకపోతే ఆ మాటను పది సార్లు రాసినా కాపాడదు. ఇంగ్లిషు పత్రాన్ని ఇంటి భాషలోకి ఒక్కో వాక్యంగా మార్చి చదివించుకుంటే, ప్రతి వాక్యంలో ‘ఏ’ ఎక్కడ పడుతోందో చెవికి తెలుస్తుంది. ‘మీకు’ అన్నచోట ‘మీకే’ అనిపించినా, ‘మా పని’ అన్నచోట ‘మా పనే’ అనిపించినా పెన్ను కింద పెట్టి, ఆ వాక్యాన్ని మళ్ళీ రాయించుకోవాలి.